ఎర్సీలియా రెండో గొంతు

పో నది ఒడ్డున ఉన్న మా పట్నంలో ప్రతివాడికీ రెండు విద్యలు పుట్టుకతో వస్తాయంటారు. పంది తొడను ఉప్పులో ఊరవేయడం ఒకటి, పాడేవాళ్ళను హడలగొట్టడం రెండోది. ఒపేరా జరిగే రోజుల్లో కింద మెత్తటి కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషులు మర్యాదకైనా చప్పట్లు కొడతారు. పై గ్యాలరీలో చెక్కబెంచీల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళకు ఆ మొహమాటం లేదు. పాట బాగుంటే పాడినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని బస దాకా ఊరేగిస్తారు. శ్రుతి ఒక్క పిసరు జారిందా, ఈల వేస్తారు. ఆ ఈల విన్న మర్నాడే పెట్టె సర్దుకుని రైలెక్కిన మహామహులున్నారు.

ఎర్సీలియా బొన్‌ఫాత్తి ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ గ్యాలరీ ఎదుటే నిలబడి, పాతికేళ్ళకు పైగా పాడింది. ఆమెది సొప్రానో గొంతు. అంటే తారస్థాయిలో తిరిగే గొంతు. ఒపేరాలో ప్రేమలో పడేదీ, ఆఖరి అంకంలో ప్రాణాలు విడిచేదీ చాలామటుకు ఆ గొంతే కాబట్టి, ఎర్సీలియా జబ్బు చేసి చచ్చిపోయింది, విషం తాగి చచ్చిపోయింది, అన్న కత్తికి అడ్డం పడి చచ్చిపోయింది. చచ్చిన ప్రతిసారీ లేచి, గౌను దులుపుకుని, జనానికి వంగి దండం పెట్టి, మొగుడి చేయి పట్టుకుని ఇంటికి పోయి, వేడి మాంసం చారులో తోర్తెల్లీనీలనే కూరిన పిండిముద్దలు వేసుకుని రెండు గిన్నెలు తినేది. మొగుడు నెస్తోరే అదే థియేటర్ ఆర్కెస్ట్రాలో కాంట్రబాస్ వాయించేవాడు. మనిషి కంటే ఎత్తుండే ఆ పెద్ద ఫిడేలు వెనక ఆయన ముఖం సగమే కనిపించేది. మాటలు ఆ సగం కూడా వినిపించేవి కావు.

ఆమె యాభైకి దగ్గరపడుతున్న ఏడు, శీతాకాలంలో అది జరిగింది. ఆఖరి అంకంలో ఒక ఎత్తయిన స్వరం ఉంది. సొంత ఇంటి మెట్లు ఎక్కినట్టు ఆమె వందసార్లు ఎక్కిన స్వరమే. ఆ సాయంత్రం కాలు పెట్టేసరికి చివరి మెట్టు లేదు. గొంతు పెంకులా చిట్లింది. తర్వాత పైనుంచి ఈల వినిపించింది, పొడుగ్గా, తాపీగా. ఎర్సీలియా అంకం పూర్తి చేసి, తన చావు తాను చచ్చి, లేచి దండం పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. థియేటర్ వాళ్ళెవరూ ఆమెను పొమ్మనలేదు. తనంతట తనే మానుకుంది.

చౌరస్తా వైపు కిటికీలున్న ముందుగదిలో పియానో పెట్టుకుని పాఠాలు మొదలుపెట్టింది. నోటరీ గారి అమ్మాయి వచ్చేది, పళ్ళ డాక్టరు వచ్చేవాడు, పెళ్ళిళ్ళలో పాడాలని సరదా పడే అక్కాచెల్లెళ్ళిద్దరు వచ్చేవారు. ఎర్సీలియా మంచి గురువే. వీపు ఎలా నిలపాలో, ఊపిరి పొట్టలోకి ఎలా దించాలో, దాన్ని పిసినారిలా ఎలా ఖర్చు పెట్టాలో విసుగు లేకుండా చెప్పేది. తను మాత్రం పాడి చూపించేది కాదు. పియానో మీద స్వరం కొట్టి, “ఇదీ” అని వేలు చూపించేది, అంతే. అలా నాలుగైదేళ్ళు గడిచాయి.

ఒక వసంతకాలపు పొద్దున తలుపు కొట్టినవాడు అదెల్మో. చౌరస్తాలో సలామీలు, ఊరవేసిన మాంసం అమ్మే దుకాణం ఆయనది. గ్యాలరీలో మూడో బెంచీ ఆయన తాతల నాటి నుంచీ ఆ ఇంటిదే అన్నట్టుగా కూర్చునేవాడు. చంకలో గుడ్డ చుట్టిన కులతెల్లో మాంసపు ముద్ద ఒకటి, పక్కన బూరెబుగ్గల పిల్ల ఒకతె. అక్క కూతురు, పేరు దోరీనా, దుకాణంలో పని చేస్తుంది. “రెండు వందల గ్రాముల మొర్తదెల్లా” అని ఆ పిల్ల లోపలికి కేకేస్తే చర్చి మెట్ల మీది పావురాలు లేచిపోయేవి. ఎర్సీలియా ఆ కేక కిటికీలోంచి రోజూ వింటూనే ఉంది.

అదెల్మో టోపీ తీసి చేతిలో నలిపాడు. “నన్ను గుర్తుపట్టారా అమ్మగారూ?”

“నీ ఈలను గుర్తుపట్టాను,” అంది ఎర్సీలియా. “మనిషివి ఎప్పుడూ చీకట్లో కూర్చుంటావు కదా.”

అదెల్మో ముఖం ఎర్రబడింది గానీ తల దించలేదు. “నేను ఈల వేసింది ఆ స్వరం మీద, మీ మీద కాదు. అదే సాయంత్రం రెండో అంకంలో మీరు పాడినదానికి మా బెంచీలో ఏడవనివాడు లేడు. ఆ మాటా చెప్పాలి కదా.”

“చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా?”

“ఈల వేసినంత తేలిక కాదు గదమ్మా అది.”

ఎర్సీలియాకు ఒళ్ళు మండాలి. మండబోయి, ఎందుకో నవ్వొచ్చింది. కులతెల్లో నెస్తోరే చేతికిచ్చి, పిల్లను పియానో దగ్గర నిలబెట్టింది. ఒక గంట తర్వాత కిటికీ తెరిచి, చౌరస్తాలో పచార్లు చేస్తున్న మేనమామతో ఆ పిల్ల గొంతు బంగారమనీ, దాన్ని మాంసం కొట్లో తగలేస్తున్నందుకు ఆయన్ని కత్తిపీటకు కట్టెయ్యాలనీ చెప్పింది. అదెల్మో చౌరస్తాలోనే చేతిరుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు.

దోరీనా గట్టి పిల్ల. పొద్దున్నే కొట్టు ఊడ్చి, సాసేజ్‌లు కట్టి, చేతులకు మిరియాల వాసనతోనే పాఠానికి వచ్చేది. చెప్పింది చెప్పినట్టు నేర్చుకునేది. ఒక్కటే చిక్కు. ఒంటరిగా పాడమంటే కంగారుపడి వేళకు ముందే అందుకునేది. రెండో ఏడు ఎర్సీలియా ఆమెకు ఒక పాత ఒపేరాలోని జంటపాట నేర్పసాగింది. అందులో కోట పోగొట్టుకున్న ముసలి రాణీ, శత్రువు కొడుకును ప్రేమించిన ఆమె కూతురూ ఉంటారు. తల్లి తిడుతుంది, కూతురు బతిమాలుతుంది, చివరికి ఇద్దరూ ఒకరి గొంతులో ఒకరు కలిసిపోతారు. కూతురి పాట దోరీనాది. మరి రాణి పాట ఎవరు పాడాలి? పియానో మీద కొడితే పిల్లకు వేళ తెలియడం లేదు. అలా, తప్పనిసరై, ఎర్సీలియా నోరు తెరిచింది.

రాణి పాట మంద్రస్థాయిలో ఉంటుంది. ఎర్సీలియా దాన్ని పాటగా లెక్క కూడా వెయ్యలేదు. పిల్లకు వేలందించినట్టు, వంటింట్లో కూని రాగం తీసినట్టు పాడేది. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు. ఆకురాలు కాలం వచ్చేసరికి కిటికీ కింద జనం నిలబడడం మొదలైంది. ఎర్సీలియా అది దోరీనా గొంతు మహిమే అనుకుని లోలోపల పొంగిపోయింది.

ఒకరోజు దోరీనా తన వంతు వచ్చినా పాడలేదు. ఎర్సీలియా పియానో ఆపి, ఎందుకు ఊరుకున్నావని కోప్పడింది.

“మరిచిపోయానండీ,” అంది దోరీనా. “మీరు పాడుతుంటే పాఠం అని గుర్తుండదు నాకు. వింటూ ఉండిపోతా. కింద మామయ్య వాళ్ళు వచ్చేదీ నాకోసం కాదు. మీకా సంగతి ఎవరూ చెప్పలేదా?”

ఎర్సీలియాకు తల కొట్టేసినట్టయింది. మంద్రం ముసలమ్మల గొంతు. ఒపేరాలో దాదులూ, మంత్రగత్తెలూ, గయ్యాళి తల్లులూ పాడేది. జీవితమంతా నాయికగా పాడినదాన్ని పట్టుకుని నీకు ముసలమ్మ గొంతు బాగుందంటే? ఆ రోజు పాఠం అక్కడితో ముగించి పిల్లను పంపేసింది. వంటింట్లోకి పోయి నెస్తోరేను నిలదీసింది.

“ఏమయ్యా, నా గొంతు దిగిందా?”

నెస్తోరే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కత్తి కింద పెట్టి, ఉల్లి ఘాటుకో మరి దేనికో కళ్ళు తుడుచుకున్నాడు. “దిగలేదు, ఇల్లు మారింది,” అన్నాడు. “నాలుగేళ్ళ నుంచీ వింటున్నా. నువ్వు గిన్నెలు కడుగుతూ పాడేటప్పుడు నా కాంట్రబాస్ సిగ్గుపడేది. చెబితే ముసలిదానివయ్యావన్నట్టు ఉంటుందని నోరు మూసుకున్నా.”

ఆవిడ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. నెస్తోరేకు పెద్ద తేడా తెలియలేదు.

ఆ శీతాకాలానికి థియేటర్ వాళ్ళు అదే ఒపేరా వెయ్యాలని పూనుకున్నారు. ఆర్కెస్ట్రాను నడిపించేది వెంతూరి అనే మాయెస్ట్రో, బొలోన్యా నుంచి కొత్తగా వచ్చినవాడు, మాట కటువు, చెవి పదును. కూతురి పాత్రకు కుర్ర గొంతులు వింటున్నారని తెలిసి అదెల్మో కొట్టుకు తాళం వేసి మరీ దోరీనాను తీసుకువెళ్ళాడు. ఎర్సీలియా కూడా వెంట వెళ్ళింది. కోటు విప్పకుండా, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, ఖాళీ హాల్లో చివరి వరసలో కూర్చుంది.

దోరీనా వేదిక ఎక్కింది. రాణి పాట పియానో మీద వాయిస్తామన్నారు. మొదటి చరణం బాగానే గడిచింది. రెండో చరణంలో, అందరూ భయపడినట్టే, పిల్ల వేళ తప్పింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ తప్పింది. మాయెస్ట్రో కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ తుడుపు అర్థమేమిటో ఎర్సీలియాకు తెలుసు. ఇక ఆగలేకపోయింది. ఉన్నచోటనే కూర్చుని, చేతిసంచీ రెండు చేతులా పట్టుకుని, రాణి పాట అందుకుంది, పిల్లకు వేలందిద్దామనే.

ఖాళీ థియేటరు గొంతును మోసినట్టు ముందుగది మోయలేదు. ఆ గొంతు నేల మీదుగా పాకి, కుర్చీల కాళ్ళ మధ్య నుంచి వేదిక దాకా వెళ్ళి, దోరీనాను ఎత్తి నిలబెట్టింది. పిల్ల తప్పు లేకుండా చివరిదాకా పాడింది. పాట అయ్యాక మాయెస్ట్రో వేదిక వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, ఎవరా పాడింది అని అడిగాడు.

తర్వాత సంగతులు వరసగా జరిగిపోయాయి. రాణి పాత్రకు మాట్లాడుకున్న గాయని వేరే ఊళ్ళో చిక్కుకుంది, రాలేనంది. మాయెస్ట్రో ఎర్సీలియాను రాణిగా పాడమన్నాడు. దోరీనా గొంతు మంచిదే గానీ ఇంకా పచ్చిది, ఏడాది రెండేళ్ళు బృందగానంలో నిలబడి వేళ నేర్చుకోవాలన్నాడు. కూతురి పాత్ర పార్మా నుంచి వచ్చిన అమ్మాయికి ఇచ్చేశాడు. ఎర్సీలియా చేతిసంచీ తీసుకుని లేచింది. తాను ఒక పిల్లను పాట కోసం తీసుకొచ్చి, ఆ పిల్ల ఎదుటే పాత్ర ఎత్తుకుపోయినట్టుంది ఇది. తన వల్ల కాదని చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికి వచ్చేసింది.

మర్నాడు దోరీనా పాఠానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చౌరస్తాలో కేక కూడా వినిపించలేదు. పావురాలు చర్చి మెట్ల మీద హాయిగా కునుకు తీశాయి. ఎర్సీలియా నోటరీ గారి అమ్మాయికి ఒకే పాఠం రెండుసార్లు చెప్పింది. నెస్తోరే చారులో ఉప్పు లేకపోయినా కిమ్మనకుండా తిన్నాడు.

వారం తిరిగేలోపు దోరీనా వచ్చింది. పాఠం సంచీ లేదు. గుమ్మంలోనే నిలబడి గడగడా చెప్పేసింది.

“కోపం వచ్చిందండీ. అబద్ధమెందుకు, మీ మీదే వచ్చింది. సాసేజ్‌లు వంకరటింకరగా కట్టా, మామయ్యతో పోట్లాడా. తర్వాత కూర్చుని ఆలోచించా. నేను వేళ తప్పింది మీరు పాడకముందే కదా. మీరు పాడాకే కదా నేను సరిగ్గా పాడింది. ఇప్పుడు నాకు పాత్ర రాక, మీరూ పాడక, ఆ రోజు అందరం థియేటరుకు ఎందుకెళ్ళినట్టు? కొట్టు మూసుకున్న నష్టం మామయ్యకు, అంతే.”

ఎర్సీలియా కుర్చీలో కూలబడింది. “నీ పాత్ర నేను తిన్నట్టుంటుందే పిల్లా.”

“నాది కూతురి పాత్ర. మీది రాణి. మీరెలా తింటారు?” అని, దోరీనా లోపలికి వచ్చి పియానో మూత తెరిచింది. “నేను బృందంలో చేరుతున్నా. రోజూ మీ వెనకే నిలబడి మీరు ఊపిరి ఎక్కడ తీస్తారో చూస్తా. వీపు చూపించి చెప్పే పాఠం ఎవరికి దొరుకుతుంది? వద్దంటే మాత్రం ఇంక ఈ గుమ్మం తొక్కను.”

అదీ బెదిరింపు. ఎర్సీలియా ఆ సాయంత్రమే మాయెస్ట్రోకు కబురు పంపింది.

అభ్యాసాలు ఆమె అనుకున్నంత సులువు కాలేదు. పాతికేళ్ళ అలవాటు కొద్దీ నాయిక పాట వినగానే ఒళ్ళు నిటారు చేసుకుని ముందుకు నడిచేది. రాణిగారూ, మీరు సింహాసనం మీద కూర్చోండి అని మాయెస్ట్రో కసిరేవాడు. చచ్చిపోవడం అలవాటైన మనిషికి అంకం చివర ఇంకొకరు చచ్చిపోతుంటే నిలబడి చూడడం వింతగా ఉండేది. కానీ గొంతు మాత్రం వయసుమళ్ళిన గుర్రం తనకు తెలిసిన దారిని పట్టినట్టు తనంతట తానే పోయేది. పై స్వరాల కోసం మెడ నరాలు బిగబట్టిన రోజులన్నీ తలుచుకుని, ఇంత సుఖంగా పాడవచ్చని ఎవరూ చెప్పలేదేమని ఆశ్చర్యపోయేది. ఇంటికి వస్తూ దారిపొడుగునా నవ్వుకునేది. ఒకసారి బేకరీ ముందు ఆగి, ఏ కారణమూ లేకుండా కేకు మొత్తం కొనేసింది.

ఆట ఆదివారం మధ్యాహ్నం. గ్యాలరీ తలుపు తెరవకముందే మెట్ల మీద తోపులాట. ఈల వేసి బొన్‌ఫాత్తిని వేదికకు దూరం చేశాడని కొందరు అదెల్మోను ఎన్నో ఏళ్ళుగా ఆడిపోసుకుంటున్నారు. ఈ రోజు ఆయన పక్కన కూర్చోవడానికి, ఏం చేస్తాడో చూడడానికి, పోటీపడ్డారు. తెర లేచింది. రాణి రెండో అంకంలో గానీ రాదు. ఎర్సీలియా పక్కతెర వెనక నిలబడింది. వెనకనుంచి పనికత్తె వేషంలో ఉన్న దోరీనా ఆమె వీపు మధ్య అరచెయ్యి ఆనించి, పొట్టలోకి, అని చెవిలో అంది. గురువుగారు రోజూ చెప్పే మాటే. ఎర్సీలియా ఊపిరి దించుకుని వేదిక మీదకు నడిచింది.

మొదటి చరణం అయింది. థియేటరులో చిన్న చప్పుడు లేదు. మా ఊరి గ్యాలరీ నిశ్శబ్దంగా ఉందంటే ఏమవుతుందో చెప్పలేం. ఆర్కెస్ట్రా గుంటలో నెస్తోరే పెద్ద ఫిడేలు పక్కనుంచి తల పూర్తిగా బయటికి పెట్టి చూశాడు. జంటపాట మొదలైంది. పార్మా అమ్మాయి వెన్నెల్లాంటి గొంతుతో బతిమాలింది. రాణి కసిరింది, శపించింది, ఆఖర్న లొంగింది. ఆ లొంగుబాటు దగ్గర స్వరం ఎంత కిందికి దిగుతుందంటే, అంత కింద ఆడగొంతు ఉంటుందని వినేవాళ్ళకు తోచదు. ఎర్సీలియా అక్కడికి దిగి, అక్కడ ఆగి, తొందర పడకుండా నిలబడింది.

గ్యాలరీ ఒక్కసారిగా కూలిపడిందా అన్నట్టు లేచింది. బెంచీలు తొక్కారు, కర్రలతో నేల పొడిచారు, టోపీలు కిందికి విసిరారు. మళ్ళీ పాడితే గానీ ఆట సాగనివ్వం అన్నారు. మళ్ళీ పాడించడం గిట్టని మాయెస్ట్రో కాసేపు మొండికేసి, తర్వాత విల్లులన్నీ తన కంటే ముందే సిద్ధమైపోవడం చూసి చెయ్యెత్తాడు. ఆ పాట రెండుసార్లు పాడారు. బృందంలో రెండో వరసలో దోరీనా ఏడుస్తూ, ఏడుపులోనూ వేళ తప్పకుండా తన వంతు పాడింది.

ఆట అయ్యాక వేషాల గది బయట అదెల్మో నిలబడి ఉన్నాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఏమయ్యా, ఈసారి ఈల లేదేమని ఎర్సీలియా ఆటపట్టించింది.

“నోరు కుదరలేదమ్మా,” అన్నాడు అదెల్మో. “వెక్కిళ్ళు.”

తర్వాతి ఏళ్ళలో ఎర్సీలియా బొన్‌ఫాత్తికి తీరిక లేకపోయింది. మాంతోవాలో మంత్రగత్తె, పియాచెంజాలో దాది, క్రెమోనాలో గయ్యాళి అత్త. నాయికగా ఉన్నప్పుడు తిరగని ఊళ్ళన్నీ ముసలమ్మగా తిరిగింది. నాయికలు ఏటా మారతారు, మంచి ముసలమ్మ దొరకడం కష్టమని థియేటర్ల వాళ్ళు ముందుగానే కబురు పెట్టేవారు. పాఠాలు మాత్రం మానలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు ముందుగదిలో, లేనప్పుడు ఎక్కడ కుదిరితే అక్కడ చెప్పేది. పళ్ళ డాక్టరు ఒకసారి పాఠం కోసం క్రెమోనా దాకా వచ్చి, ఆమెకు ఒక పన్ను కూడా చూసి వెళ్ళాడు.

దోరీనా రెండేళ్ళు బృందంలో నిలబడింది. మూడో ఏడు ఫెరారాలో మొదటిసారి సొంత పాత్ర దొరికింది. నాయిక చెల్లెలి పాత్ర, ఒక మంచి పాట, కొంచెం ఏడుపు. అదే ఒపేరాలో ఎర్సీలియాది ఆ అక్కాచెల్లెళ్ళ అమ్మమ్మ పాత్ర. ఇద్దరూ కలిసి పొద్దుటి రైల్లో బయల్దేరారు. నెస్తోరే స్టేషనుకు వచ్చి తినడానికి పొట్లం అందించి, దోరీనా భుజం తట్టాడు.

బయట మంచు పాలు పోసినట్టుంది. రైలు పెట్టెలో ఒక సన్యాసిని, కోళ్ళ గంప పెట్టుకున్న రైతు ఇల్లాలు, సెలవు మీద ఇళ్ళకు పోతున్న సైనికులిద్దరు. దోరీనాకు గుండె దడ. ఎర్సీలియా ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టి, ఊపిరి పొట్టలోకి దించు, ఆగు, మెల్లగా వదులు అని మొదలుపెట్టింది. సైనికుల్లో ఒకడు ముసిముసిగా నవ్వాడు. నువ్వు చెయ్యగలవేమో చూద్దామంది ఎర్సీలియా. వాడు చేసి దగ్గొచ్చి పడ్డాడు. రెండోవాడు పంతం పట్టాడు. సన్యాసిని కూడా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రైతు ఇల్లాలు తనకు అయిదుగురు పిల్లలనీ, ఊపిరి సంగతి తనకెవరూ నేర్పక్కర్లేదనీ అంటూనే అందరికంటే ఎక్కువసేపు వదిలింది. దోరీనాకు నవ్వాగలేదు. ఆ నవ్వులో దడ ఎప్పుడు పోయిందో పోయింది.

“ఇప్పుడు పాడు,” అంది ఎర్సీలియా.

దోరీనా చెల్లెలి పాట అందుకుంది. గంపలో కోళ్ళు తలలు బయటికి పెట్టి చూశాయి. టికెట్ల మనిషి తలుపు తీసి, ఒక పక్కకు ఒదిగి నిలబడిపోయాడు. అమ్మమ్మ వంతు రాగానే ఎర్సీలియా కూర్చున్నచోటి నుంచే కలిపింది. రైలు మంచులోంచి ఫెరారా వైపు పోతూ ఉంది.